గీత కూడా పడలేదు

ఫీనిక్స్‌లో ఉండే మా బావగారు సెకండ్‌హ్యాండ్‌లో ఆర్వీ కొన్నారు. పడకలు, వంటగట్టు, స్నానాల గది అన్నీ ఉన్న బండి. పక్కన చిన్న రేకు తలుపు తీస్తే ఆరు గ్యాలన్ల వాటర్ హీటరు. మన భాషలో గీజరే.

అరిజోనా నీళ్లలో సున్నం ఎక్కువ. ఏడాదికోసారైనా ట్యాంకు కడగాలి. బావగారు పద్ధతి మనిషి. కరెంటు, గ్యాసు, నీళ్లు అన్నీ కట్టేసి, రాత్రంతా చల్లారనిచ్చి, ప్రెషర్ వాల్వు ఎత్తాకే కింది బిరడా విప్పారు. (వేడి మీద విప్పి ఒళ్లు కాల్చుకునే మహానుభావులు ఉంటారు.) ముందు ఎర్రటి నీళ్లు, వెనకే తెల్లటి పెచ్చులు. సన్న గొట్టం దూర్చి నీళ్లు కొట్టేకొద్దీ గుడ్డు పెంకుల్లాంటి ముక్కలు వస్తూనే ఉన్నాయి.

బిరడాకు అంటుకుని ఓ కడ్డీ వచ్చింది. గుంటలు పడి, లోపలి తీగ బయటపడింది. దాన్ని ఆనోడ్ రాడ్ అంటారట. కొత్తది తెచ్చి బిగించారు. ట్యాంకు నిండి, వేడి కుళాయిలో గాలి తగ్గి ధార పడేదాకా స్విచ్చు ముట్టుకోలేదు. ఖాళీ ట్యాంకులో కాయిల్ వేస్తే క్షణాల్లో మాడిపోతుంది మరి.

మరుసటేడు విప్పితే ఆ కొత్త రాడ్డూ సగానికి పైగా తినేసి ఉంది! ఇంకోటి కొన్నారు గానీ, తళతళలాడే ఆ మెగ్నీషియం కడ్డీని చూస్తే చేతులు రాలేదు.

"దీన్నీ నాశనం చేసుకోమంటావా?" అని అక్కయ్యతో అని, మామూలు బిరడా బిగించి, రాడ్డును గుడ్డలో చుట్టి పనిముట్ల పెట్టెలో దాచారు.

కొన్నాళ్లకు సెడోనా దారిలో బండి నేలంతా తడి. ట్యాంకుకు చిల్లు. మెకానిక్ చూసి, "రాడ్ ఏదీ?" అన్నాడు. బావగారు గర్వంగా గుడ్డ విప్పారు. "ఇదిగో, గీత కూడా పడలేదు."

మెకానిక్ కాసేపు రాడ్డునీ, కాసేపు ట్యాంకునీ చూశాడు. "ఇది ఉక్కు ట్యాంకండీ. ఈ కడ్డీ ఉంటే తుప్పు ముందు దీన్ని తింటుంది. లేకపోతే ట్యాంకునే తింటుంది. ఇది అరగడానికే పెట్టేది."

"పోనీలెండి, కొత్త హీటరుకు పనికొస్తుంది" అంది అక్కయ్య, సర్దిచెబుతూ.

మెకానిక్ బిగించిన కొత్త హీటరు ట్యాంకు అల్యూమినియంది. దానికి రాడ్డు పెట్టరు.