మెనూ దగ్గరే కాపురం

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసిన దగ్గర్నుంచీ మన వీధుల్లో ఒక ఉద్యమం బయల్దేరింది. విండోస్ 11 ఎక్కాలంటే బోర్డులో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే కనీసం ఎనిమిదో తరానిదై ఉండాలి. పిల్లాడు బీటెక్‌లో చేరిన ఏడు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అసెంబుల్ చేయించుకొచ్చిన కోర్ టూ డ్యుయో డబ్బాకి ఆ యోగం లేదు. పారేద్దామంటే మనసొప్పదు. పాత సామాన్లవాడు చెప్పే రేటు వింటే ఏడుపొస్తుంది. సరిగ్గా అప్పుడు ప్రత్యక్షమవుతాడు మల్టీబూట్ మహానుభావుడు.

“పారేస్తారా? ఎంత మాటన్నారు అంకుల్! విండోస్ 7 అలాగే ఉంచుతా. పక్కన 10 వేస్తా. ఆ పక్కన లినక్స్ మింట్. మిగిలిన జాగాలో పప్పీ లినక్స్. ఒక్క కంప్యూటర్ కాస్తా నాలుగు కంప్యూటర్లయిపోతుంది!”

అంకుల్ పొంగిపోతారు. కాస్త ఆగి లెక్క చూసుకుంటే ఆ పొంగు చప్పున చల్లారిపోయేది. డబ్బాలో ఉన్నది 2 జీబీ ర్యామ్. ఎన్ని సిస్టంలు వేసినా ఏ క్షణాన చూసినా నడిచేది ఒక్కటే, మిగతా మూడూ డిస్కులో గుర్రుపెట్టి నిద్రపోతుంటాయి. నాలుగో సిస్టం వచ్చిందని ర్యామ్ 8 జీబీ కాదు. నిమిషానికి 7,200 సార్లు తిరిగే ముసలి హార్డ్ డిస్కు ఇంకోసారి ఎక్కువ తిరగదు. పెరిగేదల్లా మీట నొక్కగానే వచ్చే నల్ల తెర మీది వరుసలే.

అసలు వేడుక పార్టిషన్ల దగ్గర. 320 జీబీ డిస్కును అరెకరం మాగాణి నలుగురన్నదమ్ములు పంచుకున్నట్టు పంచడం మొదలవుతుంది. ఈ పంపకానికి పాత చట్టం ఒకటుంది. 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చిన ఏర్పాటు అది. డిస్కులో మొట్టమొదటి సెక్టారు 512 బైట్లు, అందులో వాటాల పట్టికకు కేటాయించింది 64 బైట్లు. ఒక్కో వాటా వివరాలకు 16 బైట్లు కావాలి గనక నాలుగు ప్రైమరీ పార్టిషన్లకు మించి రాసుకునే చోటు లేదు. ఖాళీ డిస్కులో దిగిన విండోస్ 7 ఎవర్నీ అడక్కుండానే ‘సిస్టం రిజర్వ్‌డ్’ పేరుతో 100 ఎంబీ రాయించుకుంటుంది. అంటే నాలుగింట ఒకటి దానికే పోయింది. సీ డ్రైవు, డీ డ్రైవు కలిస్తే మూడు. మిగిలిన ఒక్కదాన్ని ఎక్స్‌టెండెడ్ చేసి, దాని కడుపులో లాజికల్ పార్టిషన్లు చేసి, మధ్యలో స్వాప్‌కి కాస్త వదిలి, సీ డ్రైవును కుదించి, గట్లు అటు జరిపి ఇటు జరిపి మహానుభావుడు చెమట తుడుచుకుంటాడు. ఆ గట్టు జరిపే పని గంటల తరబడి సాగుతుంది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. మధ్యలో కరెంటు పోతే అబ్బాయి పెళ్లి ఫొటోలు ఏ సర్వే నంబరులోకి పోయాయో వెతకడం బ్రహ్మతరం కూడా కాదు. ముందే ఇంకోచోట కాపీ చేసిపెట్టుకున్నారా అని అడిగే అలవాటు ఈ ఉద్యమంలో ఎవరికీ లేదు.

సరే, అంతా సవ్యంగానే జరిగిందనుకుందాం. గడియారం సంగతి చూడండి. విండోస్ బోర్డు మీది గడియారంలో మన టైమే ఉందనుకుంటుంది. లినక్స్ అందులో గ్రీనిచ్ లెక్క రాసిపెడుతుంది. రెంటికీ తేడా అయిదున్నర గంటలు. పొద్దున్న పదింటికి మింట్ మూసి విండోస్‌లోకి వస్తే నాలుగున్నర చూపిస్తుంది. ఆ ఇంట్లో బ్రాహ్మీ ముహూర్తం రోజుకెన్నిసార్లయినా వస్తుందన్నమాట. లినక్స్‌లో ఒక్క కమాండ్‌తో సరిపోయే పని ఇది. కానీ అంత చిన్న పనికి మహానుభావుడికి తీరికుండదు, ఆయన అప్పటికి ఎదురింటి డబ్బాలో అయిదో సిస్టం వేస్తుంటాడు.

ఇక ఆ ఇంట్లో అమ్మాయికి హాల్ టికెట్ ప్రింటు కావాలి. ప్రింటర్ డ్రైవరు ఉన్నది విండోస్ 7లో. అక్కడ క్రోమ్ 2023 నాటి 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది, సైటు సరిగ్గా తెరుచుకోదు. 10లోకి వెళ్దామని రీస్టార్ట్ చేసింది. వంటింట్లోంచి అమ్మ పిలిస్తే వెళ్లొచ్చేలోపు బూట్ మెనూలో పది సెకన్లు అయిపోయి మింట్‌లోకి వెళ్లిపోయింది. పోనీ అదీ మంచిదే, సైటు తెరుచుకుంది, పీడీఎఫ్ దిగింది. దాన్ని విండోస్ 7కి చేర్చాలి. విండోస్‌కి మింట్ వాటా కంటికే ఆనదు. అందరికీ ఉమ్మడిగా ఉంచిన డీ డ్రైవులో పెడదామంటే అదేమో రాయనివ్వనంటోంది. రాత్రి నాన్న విండోస్ 10ని షట్‌డౌన్ చేశాననుకున్నారు గానీ, ఫాస్ట్ స్టార్టప్ పుణ్యమా అని అది పూర్తిగా ఆగలేదు. డ్రైవుల తాళాలు బొడ్లో దోపుకునే పడుకుంది. కాబట్టి మళ్లీ రీస్టార్ట్, 10లోకి వెళ్లి సరిగ్గా మూసి, మళ్లీ మింట్... అమ్మాయి తెలివైంది. ఫోన్లో డౌన్‌లోడ్ చేసి వాట్సాప్‌లో పంపి, సందు చివర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని పరీక్షకు వెళ్లిపోయింది.

ఆ ఇంటి కథ అక్కడితో ఆగదు. తమ్ముడికి గేముకు జాగా చాల్లేదు. విండోస్ 10లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే అక్షరం లేని ఓ పెద్ద వాటా కనబడింది. దిక్కూదివాణం లేనిదనుకుని డిలీట్ కొట్టాడు. అది మింట్. బూట్ మెనూ ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. మర్నాడు మీట నొక్కితే నాలుగు సిస్టంలూ మాయం, తెర మీద ‘గ్రబ్ రెస్క్యూ’ అన్న ఒక్క ముక్క. నిజానికి విండోస్‌లు రెండూ లోపల నిక్షేపంగానే ఉన్నాయి, వాటి దగ్గరికి వెళ్లే దారే లేదు. కబురందుకుని పెన్‌డ్రైవుతో పరిగెత్తుకొచ్చిన మహానుభావుడు తెర చూసి, గడ్డం నిమురుకుని, తీర్పు చెప్పేశాడు: “ఫార్మాట్ కొట్టేద్దాం అంకుల్.”

నిలదీస్తే ఆయన దగ్గర ఒక జవాబుంది. నేర్చుకోవడానికట. బాగుంది, నేర్చుకోవలసిందే. అందుకు ఇంటిల్లిపాదీ వాడే డిస్కును కోయడమెందుకు? 2003లో బ్యారీ కాలర్ తయారుచేసిన పప్పీ లినక్స్ పుట్టిందే ఇలాంటి పేద మెషీన్ల కోసం. పెన్‌డ్రైవు నుంచి లేచి ర్యామ్‌లోకి ఎక్కి, డిస్కు మీద చెయ్యి వేయకుండా నడుస్తుంది. పెన్‌డ్రైవు పీకేస్తే కంప్యూటర్ ఎప్పట్లాగే ఉంటుంది. అలాంటిదాన్ని పట్టుకొచ్చి డిస్కులో నాలుగో వాటాదారుగా కూర్చోబెట్టిన ఘనుడు మనకు నేర్పేదేమిటి?

పాత కంప్యూటర్‌ను బతికించడమంటే ఏమిటో చూడాలంటే ఏ ఊళ్లోనైనా డీటీపీ సెంటర్‌కి వెళ్లండి. అక్కడ ఎక్స్‌పీతోనో 7తోనో నడిచే ఓ డబ్బా ఉంటుంది. అందులో 2001 నాటి పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు, వేళ్లకు అలవాటైన కీబోర్డు. వైరస్ బెడద లేకుండా నెట్ కేబుల్ పీకేసి ఉంటుంది. ఒకే సిస్టం, ఒకే పని. ఆ డబ్బా శ్రావణ మాసం ముహూర్తాలకు శుభలేఖలు, ఎన్నికలకు కరపత్రాలు, జాతరకు వాల్‌పోస్టర్లు కొట్టి యజమాని పిల్లల ఫీజులు కట్టింది. మన అంకుల్ ఇంట్లో నాలుగు సిస్టంల డబ్బా ఒక్క హాల్ టికెట్ కక్కలేకపోయింది. ఇంతకీ దాన్నుంచి బయటికొచ్చిన ఏకైక వస్తువు, మహానుభావుడు తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్న బూట్ మెనూ ఫొటో. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత!

నిజంగా ఆ డబ్బా మీద జాలి ఉంటే చేయాల్సింది ఎంతో లేదు. సెకండ్‌హ్యాండ్‌లో డీడీఆర్ 2 ర్యామ్ వెతికి 4 జీబీ చేయండి. మింట్ వాళ్లు హాయిగా నడవడానికి చెప్పే లెక్క అదే. తిరిగే డిస్కు తీసి చిన్న ఎస్ఎస్‌డీ పెట్టండి. ఫొటోలన్నీ బయట కాపీ చేసుకుని ఒకే ఒక్క సిస్టం వేయండి. ప్రింటరుకో, పాత సాఫ్ట్‌వేరుకో తప్పదంటే రెండోది ఉంచుకోండి, దానికి నెట్ మాత్రం ఇవ్వకండి. ఇందులో గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు, స్టేటస్‌లో పెట్టుకునే ఫొటో కూడా రాదు. కంప్యూటర్ పని చేస్తుంది, అంతే.

ఈసారి మహానుభావుడు పెన్‌డ్రైవు జేబులో వేసుకుని గుమ్మం తొక్కితే ఒక్క మాట అడగండి: “ఏ పని కోసం బాబూ?” జవాబులో పని పేరు వినబడితే కుర్చీ వేయండి. సిస్టం పేర్లు వరసగా వినబడితే కాఫీ ఇచ్చి పంపేయండి, స్క్రూడ్రైవర్ మాత్రం ఇవ్వకండి.