రండి, కూర్చోండి

మాడుగులలో నలుగురు డిగ్రీ కుర్రాళ్లు సెల్‌ఫోన్‌తో ఓ పొట్టి సినిమా తీశారు. పట్నంలో చదువుకుని వచ్చిన రైతు కొడుకు తమ పాలేరుని మొట్టమొదటిసారి కుర్చీలో కూర్చోబెడతాడు. అదీ కథ.

మాటలు రాసిన కుర్రాడు బాగా చదివినవాడు. 1938లో వచ్చిన ‘మాలపిల్ల’కు తాపీ ధర్మారావు వాడుక భాషలో మాటలు రాశారని అతనికి తెలుసు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి మన సినిమాల్లో తల నెరిసిన నౌకరు పదేళ్ల పిల్లాణ్ణి ‘బాబుగారూ’ అంటూనే వచ్చాడు. పిల్లాడు అతన్ని పేరుపెట్టి పిలుస్తూనే వచ్చాడు. వయసుకి దక్కాల్సిన మర్యాద కులానికీ భూమికీ దక్కింది. ఒక్క వాక్యంతోనైనా దాన్ని తిరగరాయాలని ఆ కుర్రాడి పట్టుదల. రాశాడు: “మీరు రండి బాబాయ్, కూర్చోండి.”

రైతు కొడుకు వేషం నిజంగా రైతు కొడుకే కట్టాడు. పాలేరు వేషానికి వాళ్లింటి పాలేరునే తెచ్చారు. అరవై దాటినవాడు. నటించినందుకు హల్వా ఇస్తామన్నారు. ఆ ఇంట్లో అందరూ అతనితో కేకేసే మాట్లాడతారు. ఎవరు మాట్లాడినా అతను వాళ్ల నోటివైపే చూస్తాడు. ఆ వినయం కెమెరాకి బాగా పట్టిందని డైరెక్టరు మురిసిపోయాడు.

అరుగు మీద షాట్ పెట్టారు.

“మీరు రండి బాబాయ్, కూర్చోండి.”

పాలేరు వెనక్కి తిరిగి చూశాడు. ఎవరో పెద్దమనిషి వచ్చాడనుకున్నాడు.

మళ్లీ తీశారు. మళ్లీ వెనక్కి చూశాడు.

“మీరంటే నువ్వే” అని చెప్పారు. తలూపాడు. మూడోసారీ వెనక్కే చూశాడు.

పొద్దు వాలుతోంది. రైతు కొడుక్కి విసుగొచ్చింది. “ఒరే, రారా, కూర్చో” అన్నాడు. పాలేరు వెంటనే వచ్చి కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. షాట్ ఓకే అయింది.

మాట డబ్బింగ్‌లో మార్చారు. ప, బ, మ పలికితే పెదాలు కలవాలి. రైతు కొడుకు అన్న మాటలో పెదాలు ఎక్కడా కలవవు. ‘మీరు’ కుదరలేదు. ‘బాబాయ్’ అసలే కుదరలేదు. రెండూ తీసేశారు. మిగిలిన “రండి, కూర్చోండి” చక్కగా అతికింది.

రామకోవెల ముందు తెల్ల పంచె కట్టి సినిమా వేశారు. ఆ మాట దగ్గర వీధంతా చప్పట్లు కొట్టింది. రైతు కళ్లు తుడుచుకున్నాడు.

అయిపోయాక డైరెక్టరు హల్వా పొట్లం పాలేరు చేతిలో పెట్టి, సినిమా ఎలా ఉందని అడిగాడు.

“బాగుంది బాబూ. నాకు సెవుడు గదా, నోరు సూసే మాట పోల్చుకుంటాను. సినబాబు ‘ఒరే, రారా’ అన్నాడు. ఉన్నదున్నట్టే తీసినారు.”