ఒక డబ్బా మూత మీది పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మా కాలనీ సంఘం గదిలో క్యారమ్ బోర్డు వెనక ఒక అట్టపెట్టె ఉంటుంది. అందులో డిజిటల్ చదరంగ గడియారం. పెట్టె మూత లోపలి వైపున రూళ్ల కాగితం మీద నీలిసిరాతో రాసిన ఆటవెలది ఒకటి అంటించి ఉంది. కవి పేరు లేదు. అక్కర కూడా లేదు. ఇప్పటికీ ఇంకుపెన్నుతో రాసే మనిషి కాలనీలో ఒక్కరే, రిటైరైన తెలుగు మాస్టారు.

కృతికి కారణం చెప్పాలి కదా. మా రిటైర్డ్ పోస్ట్‌మాస్టరుగారిది ఎడమచేతి వాటం. గడియారం ఎప్పుడూ ఆయన కుడివైపే ఉంటుంది. ఆయన ఎడమచేత్తో పావు జరిపి, అప్పటికే గడియారం మీద పహరా కాస్తున్న కుడిచేత్తో టక్కున నొక్కేవారు. ఎదురుగా ఆడే బ్యాంకు మేనేజరుగారు నాలుగు రోజులు ఓర్చుకుని అయిదో రోజు అన్నారు: "ఉద్యోగం చేసినన్నాళ్లూ లేదు గానీ, ఇప్పుడు రెండు చేతులా సంపాదిస్తున్నారండీ." మాటా మాటా పెరిగింది. మర్నాటికి మూతలో పద్యం వెలసింది.

కవి రోజూ సాయంత్రం ఆ గదికే వస్తారు, అర్థం ఆయన్నే అడిగితే పోదా అంటారేమో. కవిని అడగడం మన వ్యాఖ్యాన సంప్రదాయంలో లేదు. మన కోలాచలం మల్లినాథసూరి కాళిదాసును అడిగి రాశాడా?

మూలం

ఎత్తు వేయు చేయి యే నొక్కవలె గంట,
నొక్కి చేయి తీయ నొప్పు వెంట,
జెండ పడిన వెనుక చెల్లదు వాదము,
మంత్రి యున్న నేమి మట్టి గాదె.

ప్రతిపదార్థం

ఎత్తు వేయు = పావును ఒక గడి నుంచి మరో గడికి నడిపిన; చేయి + ఏ = ఆ చెయ్యే (రెండో చెయ్యి కాదు, వెనక నిలబడి చూసేవాడి చెయ్యి అసలే కాదు); గంట = గడియారపు మీటను; నొక్కవలె(ను) = నొక్కి తీరాలి; నొక్కి = అలా నొక్కినవాడై; వెంట = తక్షణమే; చేయి తీయన్ = చేతిని వెనక్కి తీసుకోవడం; ఒప్పు = తగినది; జెండ పడిన వెనుక = గడువు తీరిపోయాక (దీని కథ పెద్దది, కింద చెబుతాను); వాదము = 'నేనప్పుడే నొక్కేశాను' ఇత్యాదిగా గల గోల; చెల్లదు = పనికిరాదు; మంత్రి + ఉన్నన్ + ఏమి = బల్ల మీద మంత్రి మిగిలి ఉండి మాత్రం ఏం లాభం; మట్టి + కాదె = అంతా మట్టిపాలే కదా.

టీక

ఛందస్సు ఆటవెలది. ఎందుకు ఆటవెలది? ఆట కనుక. యతి స్థానాలు ఎ-యే, నొ-నొ, జె-చె, మం-మ. మాస్టారు ఎత్తులో తప్పుతారేమో గానీ యతిలో తప్పరు. 'జెండా' అనే మాట సూర్యగణంలో ఇమడక దీర్ఘాన్ని పోగొట్టుకుంది. చదరంగంలో బలి ఇచ్చిన బంటు లాంటిది ఆ దీర్ఘం.

'నొక్కవలె గంట' దగ్గర ఒక శంక. 'వలె' అనేది విధిని చెబుతుందా, పోలికనా? పోలికయితే గంటను దేనితోనో పోలుస్తున్నారు కాబట్టి ఉపమాలంకారమని మా వీధి చివర ట్యూషన్ చెప్పే కుర్రాడు పట్టుబట్టాడు. ఉపమానం ఎక్కడయ్యా అంటే నోరు మెదపలేదు. కనుక విధే.

'చేయి' అనే ఏకవచనం కావాలని వేసిందా, మాట వరసకు వేసిందా? మీమాంసకులైతే గ్రహైకత్వ న్యాయం చెప్పి, ఒక పాత్ర అన్నంత మాత్రాన ఒకటే తోమమని కాదు, ఉన్నవన్నీ తోమమని అంటారు. ఆ లెక్కన రెండు చేతులూ నొక్కవచ్చు. ఇక్కడ ఆ న్యాయం వర్తించదు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య, అంటే ఫిడే, నిబంధనల్లో ప్రతి ఎత్తూ ఒక చేత్తోనే వేయాలనీ, ఆ చేత్తోనే గడియారం నొక్కాలనీ స్పష్టంగా ఉంది. క్యాస్లింగ్‌లో రాజూ ఏనుగూ రెండూ కదులుతాయి కదా, రెండు చేతులు వాడితే తప్పేమిటని పోస్ట్‌మాస్టరుగారి పూర్వపక్షం. అక్కడా ఒక చెయ్యే, ముందు రాజు, తర్వాత ఏనుగు. ఏకవచనం అక్షరాలా వివక్షితం.

ఇక 'గంట'. తెలుగులో గంట అంటే గుడిలో మోగేదీ అవుతుంది, అరవై నిమిషాలూ అవుతుంది. మా డబ్బాలోని వస్తువు నొక్కితే మోగదు. మేం ఆడేది మనిషికి పది నిమిషాల ఆట, కనుక అరవై నిమిషాల అర్థమూ పొసగదు. ముఖ్యార్థానికి బాధ వచ్చింది. అలాంటప్పుడు లక్షణావృత్తి శరణ్యమని ఆలంకారికులు చెబుతారు. గంగలో గొల్లపల్లె అంటే నీళ్లలో ఊరని కాదు, ఒడ్డున అని కదా. అలాగే గంట అంటే గంటతో చుట్టరికం ఉన్న గడియారమని.

ఆ చుట్టరికం ఎంత దూరపుదో తెలియాలంటే వంశవృక్షం విప్పాలి. 1851లో లండన్‌లో పెద్ద చదరంగ పోటీ జరిగినప్పుడు గడియారం ఊసే లేదు. ఒక ఎత్తుకు ఎంతసేపైనా కూర్చోవచ్చు. బుర్ర గల వాడికంటే పిరుదులు గల వాడిది పైచేయి అయ్యే అవకాశం ఉందన్నమాట. 1861లో అదే లండన్‌లో ఆండర్సెన్, కోలిష్‌ల పోటీకి ఇసుక గడియారాలు పెట్టారు. 1883 లండన్ పోటీకి మాంచెస్టర్ వాసి థామస్ బ్రైట్ విల్సన్ రూపకల్పన చేసిన జంట గడియారం వచ్చింది. తూగుడుబల్ల లాంటి కడ్డీకి రెండు కొసలా రెండు గడియారాలు. ఒకటి నిటారుగా నిలిచి నడుస్తుంటే రెండోది ఒరిగి ఆగిపోతుంది. నా ఎత్తు అయ్యాక నావైపు ఒంచానంటే నా కాలం ఆగి నీ కాలం మొదలు. ఎదటివాడి ఆయుష్షు తరుగుతుంటే మన ఆయుష్షు నిలిచి ఉండడం లోకంలో మరెక్కడా లేని సౌకర్యం. ఈ మీట, ఈ ఒరుగుడు ఇవాళ్టి డిజిటల్ గడియారం నెత్తి మీద కూడా అలాగే ఉన్నాయి. ఒకవైపు నొక్కితే మరోవైపు లేస్తుంది. లోపల తూగేది ఏమీ లేకపోయినా.

గడియారం వచ్చాక అందరికీ పది నిమిషాలే ఇచ్చారనుకోకూడదు. జపాన్‌లో 1938లో హొనింబో షుసాయి, కితాని మినోరుతో గో అనే బల్ల ఆటలో ఆడిన వీడ్కోలు పోటీలో ఒక్కొక్కరికి 40 గంటలు. జూన్‌లో మొదలైన ఆట డిసెంబరులో ముగిసింది. కవాబాతా అనే రచయిత దాన్నే నవల చేశాడు. ఈ సంగతి నేను గదిలో చెప్పినప్పటి నుంచి పోస్ట్‌మాస్టరుగారు జపాన్ అంటే చాలా గౌరవంగా మాట్లాడుతున్నారు.

రెండో పాదంలో పాఠాంతరం ఉంది. సిరా చెదిరిన చోట కొందరు 'తీయ నొప్పి వెంట' అని చదువుతున్నారు. ద్రుతం మీద అచ్చు పరమై తీయన్ + ఒప్పు 'తీయనొప్పు' అయింది కనుక 'ఒప్పు' అన్నదే సాధుపాఠం. కానీ మేనేజరుగారి ఆట చూసినవాడు 'నొప్పి' పాఠాన్ని తోసిపారెయ్యలేడు. ఆయన గడియారం నొక్కరు, కొబ్బరికాయ కొట్టినట్టు కొడతారు. బల్ల మీద బంట్లు ఎగిరిపడతాయి. అలా బాదడం ఫిడే నిషేధించింది. నొక్కాక వేలు దాని మీదే ఉంచడం, గాల్లో గద్దలా తిప్పుతూ ఉండడం కూడా నిషేధమే. నా మటుకు నాకు బాదేవాడికంటే వేలు తిప్పేవాడంటేనే ఎక్కువ మంట. బాదేవాడు కనీసం ఎత్తు వేశాక బాదుతాడు. వేలు తిప్పేవాడు ఎత్తు వేయక ముందే నొక్కే తలపులో ఉంటాడు.

మూడో పాదం ఈ పద్యానికి గుండెకాయ. జెండా ఏమిటి? పాత ముళ్ల గడియారంలో పన్నెండు అంకె దగ్గర చిన్న ఎర్ర రేకు వేలాడేది. చివరి నిమిషాల్లో నిమిషాల ముల్లు వచ్చి దాన్ని నెమ్మదిగా పైకి లేపుతుంది. గడువు ముగిసిన క్షణాన రేకు ముల్లు నుంచి జారి కిందపడుతుంది. అదే జెండా పడడం. మిగిలింది రెండు నిమిషాలా అర నిమిషమా అన్నది ఎవరికీ ఖచ్చితంగా తెలియదు. రేకు ఎంత లేచిందో చూసి గుండె ఎంత జారాలో నిర్ణయించుకోవాలి.

డిజిటల్ దాంట్లో ముల్లు లేదు, రేకు లేదు, పడడానికి ఏమీ లేదు. పైగా కొన్నిటి తెర మీద గడువు తీరగానే చిన్న జెండా గుర్తు వెలుగుతుంది. అంటే పడదు సరికదా, లేస్తుంది! మరి కవి 'పడిన' అన్నదేమిటి? అసత్య దోషం కాదా? కాదు. లోకంలో మాటలు వస్తువుల కంటే ఎక్కువ కాలం బతుకుతాయి. అంకెలతో వెలిగే ఈ పెట్టెను మేం గంట అంటాం, లేచే గుర్తును పడిందంటాం. రూఢి ముందు యోగార్థం చేతులు కట్టుకు నిలబడాల్సిందే.

నాలుగో పాదంలో 'మట్టి గాదె' అన్నచోట గాదె అంటే ధాన్యం పోసే గాదె అని, మంత్రి ఉన్నా మట్టితో కట్టిన గాదెలో గింజలుండవని ఒకరు అన్వయించారు. పాండిత్యం మెచ్చదగ్గదే గానీ అర్థం కుదరదు. మట్టి + కాదె, గసడదవాదేశం, అంతే. మంత్రి అంటే చదరంగపు మంత్రే. ఇప్పటి పిల్లలు క్వీన్ అంటారు. హైదరాబాదులో ప్రమాణ స్వీకారం చేసేవారితో సంబంధం లేదు.

కానీ ఈ పాదంలో నిజమైన దోషం ఒకటుంది, దాచను. అది అవ్యాప్తి. నా గడువు తీరిపోయినా, ఎదుటివాడి దగ్గర ఒంటరి రాజు తప్ప ఏమీ మిగలకపోతే, ఎన్ని ఎత్తులు వేసినా అతను నా ఆట కట్టించలేడు కదా. అప్పుడు ఆట ఓటమి కాదు, సమం. మంత్రి పూర్తిగా మట్టి కాలేదు, సగం దక్కింది. స్క్రాబుల్ సంగతి చూడండి. పోటీల్లో మనిషికి 25 నిమిషాలు. గడువు దాటితే తల తీయరు, దాటిన ప్రతి నిమిషానికీ పది పాయింట్లు కోస్తారు. అది మట్టి కాదు, అపరాధ రుసుం. లైబ్రరీ పుస్తకం ఆలస్యం చేసినట్టు.

ఇంకా పెద్ద ఆక్షేపం అమెరికా నుంచి వచ్చింది. అక్కడి చదరంగ ఆటగాడు బాబీ ఫిషర్ ఒక డిజిటల్ గడియారానికి 1989లో పేటెంటు పొందాడు. అందులో కిటుకు చిన్నది. వేసిన ప్రతి ఎత్తుకూ గడియారం కొన్ని సెకన్లు తిరిగి ఇస్తుంది. 1992లో పాత ప్రత్యర్థి స్పాస్కీతో యుగోస్లావియాలో మళ్లీ ఆడినప్పుడు దాన్ని బల్ల మీదికి తెచ్చాడు. అప్పటిదాకా గడియారం అంటే చిల్లుకుండ, తగ్గడమే తప్ప పెరగడం లేదు. ఈ పద్ధతిలో అది ఎత్తు ఎత్తుకూ వడ్డీ వేసే పాసుపుస్తకం అయింది. ఇప్పుడు పెద్ద పోటీల్లో 90 నిమిషాలు, 40 ఎత్తుల తర్వాత మరో 30 నిమిషాలు, మొదటి ఎత్తు నుంచీ ఎత్తుకు 30 సెకన్లు చొప్పున ఇవ్వడం మామూలు. ర్యాపిడ్ ప్రపంచ పోటీల్లో 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు. మన కోనేరు హంపి 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో మహిళల ర్యాపిడ్ కిరీటం గెలిచింది ఈ లెక్క మీదనే. పది సెకన్లలోపు ఎత్తు వేస్తూ ఉన్నంతసేపు జెండా పడనే పడదు. ముళ్ల గడియారం ఈ పని చేయలేదు. డిజిటల్ అంటే ముళ్లకు బదులు అంకెలు అనుకునేవారు గమనించాలి, దీని అసలు గుణం అంకెల్లో లేదు, తిరిగి ఇవ్వడంలో ఉంది.

అయితే పద్యం చెల్లదా? చెల్లుతుంది. మా గదిలో గడియారానికి ఆ విద్య తెలుసు, దాన్ని ఎలా అడగాలో మాకు తెలియదు. దానితో వచ్చిన చిన్న పుస్తకం మొదటి వానాకాలంలోనే పోయింది. ఏ అంకె పెడితే ఎత్తుకు సెకన్లు కలుస్తాయో చెప్పేవారు లేరు. ఒకసారి మేనేజరుగారు బటన్లన్నీ నొక్కి చూస్తే ఒకవైపు మూడు నిమిషాలు, రెండోవైపు రెండు గంటలు వచ్చాయి. పోస్ట్‌మాస్టరుగారు రెండు గంటల వైపు కూర్చుని, ఇదే బాగుందన్నారు.

తాత్పర్యం: ఆడిన చేత్తో నొక్కు, నొక్కి తియ్యి, టైమైపోతే ఓడిపోయావని ఒప్పుకో.

ప్రక్షిప్త విచారం

పద్యం కింద మరో వాక్యం ఉంది: 'ఆట అయ్యాక బ్యాటరీలు తీసి పెట్టవలెను.' ఇది మాస్టారి రచన కాదు. సిరా వేరు, ఇది బాల్‌పెన్ను. గణాలు లేవు, యతి లేదు. 'పెట్టవలెను' అన్న క్రియకు చోటు కావాలి. ఎక్కడ పెట్టాలి? 'పెట్టెలో' అని అధ్యాహారం చేసుకుని నేను చాలా కాలం తృప్తిపడ్డాను.

మొన్న ఆదివారం ఆట మొదలయ్యే ముందు వాచ్‌మన్ కుర్చీ ఎక్కడం చూశాను. గోడ గడియారంలోంచి ఒక బ్యాటరీ, తలుపు పక్క కాలింగ్ బెల్ లోంచి ఒకటి తీసి చదరంగ గడియారంలో వేశాడు. ఆట అయ్యాక మళ్లీ ఎక్కడివక్కడ పెడతాడట. ప్రక్షిప్త కర్త దొరికాడు, అన్వయమూ కుదిరింది. ఆట నడిచినంతసేపూ గోడ మీద ఎప్పుడూ అయిదూ నలభయ్యే ఎందుకు ఉంటుందో కూడా తెలిసింది.

ఆ రోజు పోస్ట్‌మాస్టరుగారికి ఇంకా పదకొండు సెకన్లున్నాయి, మంత్రి ఉంది. గదిలో అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. నేను ఎందుకో కిటికీ వైపు తిరిగాను. ఆయన మనవడు తలుపు బయట నిలబడి ఉన్నాడు. నాన్నమ్మ అన్నానికి పిలుచుకు రమ్మని పంపినట్టుంది. ఎంతసేపటి నుంచి ఉన్నాడో గానీ గంట నొక్కుతున్నాడు. ఒక చేత్తోనే నొక్కుతున్నాడు, నొక్కి వెంటనే చేయి తీస్తున్నాడు.