వెనక అద్దం మీద మానవ హక్కులు

లంకెలపాలెం కూడలిలో హైవే దిగి పరవాడ రోడ్డెక్కబోతుంటే ఆమధ్య ఒకరోజు నాకు ముందు కనబడింది ఫార్మాసిటీ గొట్టం కాదు, ఒక తెల్ల కారు. వెనక అద్దం నిండా ఎర్ర అక్షరాలతో ‘మానవ హక్కులు’. నంబరు ప్లేటు మీద నంబరు కంటే హోదా పెద్దది: ‘జాతీయ ఉపాధ్యక్షులు’. పక్కనే మూడు సింహాల బొమ్మ. నాలుగోది టీ కొట్టు ముందు నిలబడి బజ్జీ తింటోంది.

నన్ను ఎవరో ఆ ఉపాధ్యక్షుడికి చూపించినట్టున్నారు. చేతిలో కాగితం పొట్లంతోనే దగ్గరికొచ్చాడు.

“ఏటి బాబూ, తమరూ హక్కుల్లోనే ఉన్నారంట! ఏ పోస్టు?”

“పోస్టేం లేదండీ. ఊరికే వాలంటీర్ని.”

“వాలంటీరా? అయ్యో, ఆళ్లకి ఐదు వేలూ ఆపేసినారు కదా!” అని నిజంగానే జాలిపడ్డాడు.

తప్పు ఆయనది కాదు. 2019 ఆగస్టు 15 నుంచి కొన్నేళ్లపాటు మన రాష్ట్రంలో వాలంటీరంటే ఒకటో తారీఖున పింఛను పట్టుకొచ్చే మనిషి. ఎవరూ వేయని పనిని నెత్తిన వేసుకుని, చార్జీలు సొంత జేబులోంచి పెట్టుకుని తిరిగేవాణ్ణి కూడా అదే మాటతో పిలుస్తారని ఆయనకి తెలియాల్సిన అవసరమేముంది? నా పరిస్థితి బాగుచేద్దామనుకున్నాడు. కారు డ్యాష్‌బోర్డులోంచి కార్డుల కట్ట తీశాడు. మండల కన్వీనర్‌కి ఒక రేటు, జిల్లా కార్యదర్శికి ఒక రేటు. రాష్ట్రం తీసుకుంటే జాతీయానికి తగ్గింపు. మెడలో వేసుకునే పట్టీ, రెండు స్టిక్కర్లు, బంగారు అంచు నియామక పత్రం కలిపే. పేరు ముందు ‘డాక్టర్’ కావాలంటే కొంచెం అదనం. అంతర్జాతీయ పోస్టులు కూడా ఉన్నాయిగానీ, “అవి గల్ఫ్ నుంచొచ్చినోళ్లే ఎక్కువ తీసుకుంతారు” అన్నాడు.

“వీటితో ఏం చేయొచ్చండీ?” అనడిగాను.

నావైపు ఎల్‌కేజీ పిల్లవాణ్ణి చూసినట్టు చూశాడు. “టోలుగేటు. పోలీస్ స్టేషన్‌లో కుర్చీ. ఆస్పత్రిలో లైను ఉండదు. ఇంకేటి కావాల?”

అంతవరకూ నిజమే చెప్పాడు. చెప్పనిది చట్టం సంగతి. మానవ హక్కుల పరిరక్షణ చట్టం 1993లో వచ్చింది. దాని కింద ఢిల్లీలో ఒక జాతీయ కమిషన్, రాష్ట్రాల్లో ఒక్కో కమిషన్ పుట్టాయి. ఢిల్లీ కమిషన్‌కి అధ్యక్షుడు కావాలంటే సుప్రీంకోర్టు జడ్జీగా చేసి ఉండాలి. లంకెలపాలెంలో ఆ నిబంధన సడలించారు. ఇలాంటి పేర్లతో తిరిగే ప్రైవేటు సంస్థలకీ తమకీ సంబంధం లేదని జాతీయ కమిషన్ ఎన్నోసార్లు చెప్పింది. మూడు సింహాల బొమ్మని సొంతానికి వాడుకుంటే రెండేళ్ల దాకా జైలనీ, ఐదు వేల దాకా జరిమానా అనీ 2005 చట్టం చెబుతోంది. ఆ చట్టం చదివినవాడెవడూ కార్డు కొనడు. కార్డు కొన్నవాడెవడూ చట్టం చదవడు. అందుకే రెండూ హాయిగా పక్కపక్కన బతుకుతున్నాయి.

ఈ కార్డుల జాతివాళ్లకి ఏడాదికి ఒకటే పండుగ, డిసెంబర్ 10. 1948లో ఆ రోజున పారిస్‌లో విశ్వ మానవ హక్కుల ప్రకటన వెలువడింది. మన దగ్గర ఆ రోజు శాలువాల దుకాణాలకి గిరాకీ. ఫంక్షన్ హాలు, పదిహేను అడుగుల ఫ్లెక్సీ, దాని మీద ముప్పై రెండు మొహాలు. ఎక్కడో ఒక మూల, చోటు మిగిలితే, అంబేడ్కర్. వేదిక మీద సన్మానం ఎవరికంటే, ఏడాది పొడుగునా ఎవరి మీద ఫిర్యాదు రాయాల్సిందో వాళ్లకే. శాలువా కప్పాక ఇక ఫిర్యాదేం రాస్తాం? వేడిగా ఉంటుంది పాపం.

ఇప్పుడు పరవాడ రోడ్డు మీదకి వద్దాం. రెండు వేలకు పైగా ఎకరాల్లో జవహర్‌లాల్ నెహ్రూ పేరు పెట్టుకున్న ఫార్మాసిటీ. ఇటువైపు రెండు వేల మెగావాట్ల సింహాద్రి ఎన్టీపీసీ, దాని బూడిద చెరువు. ఫార్మాసిటీని ఆనుకునే తాడి. మమ్మల్ని ఇక్కణ్ణుంచి తరలించండి మహాప్రభో అని ఆ ఊరు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంది. ముఖ్యమంత్రులు మారారు, జిల్లా కూడా మారింది. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా పుట్టినప్పుడు తాడి తనున్నచోట ఉండగానే విశాఖ జిల్లాలోంచి తరలిపోయింది. వాళ్లడిగిన తరలింపు అది కాదని ఎవరో ఒకరు రాసి పంపాలి.

అలా రాసి పంపడమే వాలంటీరు పని. ఇందులో ఫొటోకి పనికొచ్చే ఘట్టం ఒక్కటీ ఉండదు. మా సంఘంలో పెద్దాయన నాకు అప్పజెప్పిన మొదటి ఉద్యోగం వాసన రాయడం. చెట్టు కింద కూర్చున్న అమ్మ “రేత్రి ఒగ్గేసినారు బాబూ, పిల్లలు దగ్గినారు” అంటుంది. నేను వెంటనే ‘రాత్రి వాసన’ అని రాశాను. పెద్దాయన నోటుబుక్కు లాక్కుని చూసి తిరిగిచ్చేశాడు. ఏ రాత్రి? ఎన్ని గంటలకి? గాలి ఎటునుంచి? కుళ్లిన గుడ్డు వాసనా, గోళ్లరంగు వాసనా? ఎంతసేపు? పక్కింటివాళ్లకీ వచ్చిందా? మళ్లీ వెళ్లి అడిగాను. ఆ అమ్మకి తారీఖు గుర్తులేదు. మనవరాలికి పురుడు పోసి తొమ్మిదో రోజట. ఆ పురుడు తారీఖు కోసం మూడిళ్లు తిరిగాను. ఒక్క లైను రాయడానికి సాయంత్రం అయింది. ‘అన్నీ నిర్ణీత పరిమితుల్లోనే ఉన్నాయి’ అనే జవాబు మాత్రం ఒక్క నిమిషంలో తయారవుతుంది.

ఒక ప్రమాదం తర్వాత ఆస్పత్రికి వెళ్లాం. ఏ ఫ్యాక్టరీ, ఏ ఆస్పత్రి అని అడక్కండి. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి “కార్డుందా?” అన్నాడు. మా దగ్గర ఉన్నది నోటుబుక్కు, రెండు పెన్నులు, నీళ్ల సీసా. లేదన్నాం. అంతలో వెనక తెల్ల కారొకటి వచ్చింది. అద్దం మీద ఎర్ర అక్షరాలు. సెక్యూరిటీ అబ్బాయి సెల్యూట్ కొట్టి గేటు తీశాడు. పది నిమిషాల్లో లోపలికెళ్లిన ఉపాధ్యక్షుడు కాలిన మనిషి మంచం పక్కన బొటనవేలు పైకెత్తి ఫొటో దిగి, యాజమాన్యం మనిషితో కరచాలనం చేసి, మమ్మల్ని దాటుకుంటూ వెళ్లిపోయాడు. మేం గేటు బయట చెప్పుల్లేకుండా నిలబడ్డ ఒక జార్ఖండ్ కుర్రాడి దగ్గర కూర్చున్నాం. లోపల ఉన్నది వాళ్లన్నయ్య. కాంట్రాక్టరు జాబితాలో అతని పేరు వేరేగా ఉంది. పేరు తప్పయితే పరిహారం చెక్కు కూడా ఆ తప్పు పేరుకే పోతుంది. ఆధార్ ఫొటో కోసం ఆ కుర్రాడు ఊరికి ఫోన్ చేసి అమ్మతో మాట్లాడుతుంటే, వచ్చీరాని హిందీలో ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ ఆ పేరు రాసుకున్నాం. ఆ రోజంతా మేం చేసింది అంతే.

ఈ పని తక్కువైన చోటు కాదిది. 2020 మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరికి 12 మంది పోయాక ఉన్నతస్థాయి కమిటీ నాలుగు వేల పేజీల నివేదిక తయారుచేసి జూలై 6న ముఖ్యమంత్రి చేతికిచ్చింది. ఈలోగా జూన్ ఆఖర్లో పరవాడలో సాయినార్ లైఫ్ సైన్సెస్‌లో గ్యాస్ లీకై ఇద్దరు పోయారు. నివేదిక ఇచ్చిన వారానికి, జూలై 13 రాత్రి, విశాఖ సాల్వెంట్స్ తగలబడి ఒకరు. 2022 డిసెంబర్ 26న లారస్ ల్యాబ్స్‌లో నలుగురు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఎసెన్షియాలో 17 మంది. ఆ కన్నీళ్లు ఆరకముందే పరవాడలో సినర్జిన్, అక్కడ కాలినవాళ్లలోనూ జార్ఖండ్ వాళ్లే ఉన్నారు. నాలుగు వేల పేజీలు ఎవరైనా చదివారో లేదోగానీ, మంటలకి మాత్రం చదువు రాదని తేలింది.

ప్రతిసారీ మానవ హక్కుల వేదిక లాంటి సంఘాలవాళ్లు నిజనిర్ధారణకి వస్తారు. వెంటనే ఒక ప్రశ్న కూడా వస్తుంది: “ఈ బయటివాళ్లకి ఇక్కడేం పని?” జార్ఖండ్ నుంచి వచ్చి రియాక్టర్ పక్కన నిలబడ్డవాడు గేట్ పాస్ ఇచ్చేటప్పుడు మనవాడే. వాడు ఎలా పోయాడని గాజువాక నుంచి వచ్చి అడిగినవాడు బయటివాడు. రెండో ప్రశ్న, “వీళ్లకి డబ్బులెక్కడివి?” ఆ వేదిక ప్రభుత్వాల నుంచీ విదేశాల నుంచీ నిధులు తీసుకోదు. ఈ సంగతి చెబితే ఎవరూ నమ్మరు. డబ్బు లేకుండా మనిషి మూడు బస్సులు మారతాడంటే నమ్మలేనంత దూరం వచ్చేశాం. 1998లో ఆ సంఘం పెట్టినవాళ్లలో ఒకరైన బాలగోపాల్ లెక్కల మేష్టారు. 2009 అక్టోబర్‌లో పోయేదాకా బస్సుల్లో తిరిగిన మనిషి. ఆయన విజిటింగ్ కార్డు ఎవరి దగ్గరైనా ఉంటే చూడాలని ఉంది.

ఆ పాతతరం స్టిక్కర్ల సంగతి మా ఉపాధ్యక్షుడికి తెలియదు. వరంగల్‌లో పిల్లల డాక్టరు రామనాథం పౌరహక్కుల సంఘం నాయకుడు. 1985 సెప్టెంబర్ 3న ఆయన్ని సొంత క్లినిక్‌లోనే కాల్చి చంపారు. అదే సంఘానికి చెందిన పురుషోత్తం 2000 నవంబర్‌లో, ఆజం అలీ 2001 ఫిబ్రవరిలో హత్యకు గురయ్యారు. వాళ్లకి ఏ టోలుగేటూ తెరుచుకోలేదు.

పాఠకుల్లో ఎవరికైనా ఇప్పటికీ చేరాలనే ఉంటే ఖర్చు సంగతి కూడా చెబుతాను. మన రాష్ట్రంలో సమాచార హక్కు దరఖాస్తుకి గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకి 30 రోజులు. మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు ఉచితం. ఢిల్లీకైనా తెలుగులోనే రాయొచ్చు. కాకపోతే జరిగిన ఏడాదిలోపే రాయాలి, తర్వాత తీసుకోరు. రాష్ట్ర కమిషన్‌ని 2021లో కర్నూలులో కూర్చోబెట్టారు. పరవాడ నుంచి ఆరేడు వందల కిలోమీటర్లు. హక్కు పోగొట్టుకున్నవాడు దాన్ని వెతుక్కుంటూ రాష్ట్రం ఈ చివరనుంచి ఆ చివరకి వెళ్లి రావచ్చు, విహారంగా.

పోయిన నెల ఒక రాత్రి తొమ్మిదింటికి మా గది తలుపు చప్పుడైంది. చూస్తే ఉపాధ్యక్షుడు. కారు లేదు, బండి మీద వచ్చాడు. బామ్మర్ది ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద చేస్తున్నాడట. చేతి మీద ఏదో పడి తోలు ఊడిందట. ఇప్పుడు ఆ పేరుతో మా దగ్గర మనిషే లేడంటున్నారట.

“మీ కార్డు చూపించకపోయారా?” అన్నాను. అనకూడదు, అన్నాను.

“చూపించినాను బాబూ. టీ ఇచ్చినారు.”

కూర్చోబెట్టి దరఖాస్తు రాశాం. హాజరు రిజిస్టరు నకలు, కాంట్రాక్టరు లైసెన్సు నకలు, ప్రమాదం నమోదైన తేదీ. అడిగినవన్నీ బుద్ధిగా చెప్పాడు. తేదీ గుర్తులేకపోతే ఇంటికి ఫోన్ చేసి కనుక్కున్నాడు. సంతకం పెట్టాడు. పెట్టాక, అలవాటు కాబోలు, చెయ్యి చొక్కా జేబులోకి పోయింది, గుండ్రటి రబ్బరు స్టాంపు బయటికొచ్చింది, నేను వద్దనేలోపు సంతకం మీద పడింది. ఆకుపచ్చ ఇంకు. జాతీయ ఉపాధ్యక్షులు.

రెండో కాగితం తీసి మళ్లీ మొదటినుంచీ రాయడం మొదలుపెట్టాను. ఆయన ఎదురుగా కూర్చుని, మొదటి కాగితం మీద ఇంకు ఆరడానికి మెల్లగా ఊదుతున్నాడు.