పెట్టె తీసేసిన గిటార్

గిటార్ యాంప్లిఫైయర్ నుంచి స్పీకర్ పెట్టెను తప్పించి, సిగ్నల్‌ను నేరుగా కంప్యూటర్‌లోకి ఎక్కించడాన్ని హోమ్ స్టూడియోల వాళ్లు డైరెక్ట్ రికార్డింగ్ అంటారు. హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ గదుల్లో దీని అవసరానికి కారణం శాస్త్రం కాదు, గోడ. గోడకు అవతల గ్రూప్-1 అభ్యర్థి, కింద స్టడీ హాల్, మెట్ల దగ్గర ఇంటి ఓనరు. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ మించరాదన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల మాట. 12 అంగుళాల గిటార్ స్పీకరేమో ఒక్క వాట్‌కే మీటరు దూరంలో సుమారు 100 డెసిబెల్స్ మోగిస్తుంది. అంత మోత ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మొదటి రోజు మొదటి ఆటకు చెల్లుతుంది గానీ అశోక్‌నగర్ మూడో అంతస్తులో చెల్లదు.

ఇంతవరకూ పేచీ లేదు. ఓనరుకు జడిసి తీసిన పెట్టెను స్వచ్ఛత కోసం తీశామని చెప్పుకోవడంతోనే తంటా. స్పీకర్ ధ్వనిని చెడగొడుతుందట. అది లేకపోతేనే అసలు యాంప్లిఫైయర్ వినిపిస్తుందట! బొబ్బిలి వీణకు కుండ కోసేస్తే రాగం శుద్ధి అవుతుందని త్యాగరాయ గానసభలో ఇంతవరకూ ఎవరూ ప్రతిపాదించలేదు. గిటార్‌కే ఆ భాగ్యం.

గిటార్ స్పీకర్ పాటలు వినే స్పీకర్ లాంటిది కాదు. సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక అది దాదాపు మూగబోతుంది. డిస్టార్షన్‌లో పుట్టే పదునైన హార్మోనిక్స్‌ను అడ్డుకునేది ఈ లోపమే. పెట్టె తీసేస్తే అవన్నీ చెవిలోకి జుయ్యిమని దూరతాయి. స్వచ్ఛతావాది ఒక రాత్రి విని, మర్నాడు ఇంపల్స్ రెస్పాన్స్ ఫైలు కొంటాడు. ఎక్కడో స్టూడియోలో ఎవరో స్పీకర్ పెట్టె ముందు మైకు పెట్టి తీసిన కొలత అది. ఆ ఫైలు బాగానే పనిచేస్తుంది. గట్టిగా మోగినప్పుడు కోన్ తడబడే తీరు మాత్రం అందులోకి రాదు. వెరసి 50 వాట్ల వాల్వ్ యాంప్లిఫైయర్‌ను లిఫ్టు లేని మేడ మీదికి మోయించి, ఆ శక్తిని స్పీకర్ బదులు తగిలించే లోడ్ బాక్స్‌లో వేడిగా తగలేసి, వద్దన్న పెట్టెనే ఫైలు రూపంలో తిరిగి కొన్నట్టు. మే నెలలో ఆ గదికి అదనపు వేడి ఉచితం.

సమర్థకుల చేతిలో చివరి అస్త్రం బీటిల్స్. 1968లో ‘రివల్యూషన్’ పాటకు గిటార్లను నేరుగా మిక్సింగ్ కన్సోల్‌కే తగిలించిన మాట నిజం. కానీ అక్కడ స్పీకరే కాదు, యాంప్లిఫైయర్ కూడా లేదు. పైగా వాళ్లు కోరి తెచ్చుకున్నది చీలిపోయిన మోత. దానికి స్వచ్ఛత అని పేరు పెట్టలేదు.

ఈ సిద్ధాంతం ఖర్చుతో ఆగితే నవ్వి ఊరుకోవచ్చు. స్పీకర్ అనవసరమని నమ్మినవాడు స్పీకర్ వైరును సౌండ్ కార్డులో గుచ్చడానికి ఎంతో దూరం లేదు. 8 ఓమ్‌ల మీద 50 వాట్లంటే 20 వోల్టులు. ప్రొఫెషనల్ లైన్ ఇన్‌పుట్‌కు అలవాటైనదే సుమారు 1.23 వోల్టులు. సౌండ్ కార్డు కాలకపోతే పూర్వపుణ్యం. ట్రాన్సిస్టర్ యాంప్లిఫైయర్లు సాధారణంగా లోడు లేకపోయినా తట్టుకుంటాయి. వాల్వ్ యాంప్లిఫైయర్ అలా కాదు: అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ విపరీతంగా ఎగసి, చుట్టల ఇన్సులేషన్ కాలిపోవచ్చు. లైన్ అవుట్ వాడుకుంటున్నా ఆ లోడు ఉండి తీరాలి.

కాబట్టి రాత్రి పది దాటాక వాయించేవారు లోడ్ బాక్స్ పెట్టుకోండి, ఇంపల్స్ రెస్పాన్స్ వాడుకోండి. కారణం అడిగితే పక్క గదిలో పరీక్షకు చదువుకుంటున్నారని చెప్పండి. లోడు తగిలించకుండా మాత్రం వాల్వ్ యాంప్లిఫైయర్ స్విచ్ వేయకండి.