మూడు కార్లు, ఒక తలుపు: ఇంటి పెద్దకు సలహాలు

ముందుగా, కారుతో వచ్చిన మాన్యువల్ జోలికి వెళ్ళకండి. గ్లవ్ బాక్సులో దాని మీద టిష్యూలు, కెచప్ పొట్లాలు, నిమ్మకాయలు తొక్కించిన రోజు గుళ్ళో ఇచ్చిన కుంకుమ పొట్లం పేరుకుపోయి ఉంటాయి. వాటిని కదిలించడం శుభం కాదు. అయినా డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు కొనగలిగిన మనిషికి, ఆ ఇంటి తలుపు తెరవడానికి పుస్తకం చదవాల్సిన ఖర్మేమిటి?

సంగతి ఇదీ. ఆవిడకి టెస్లా మోడల్ వై, మీకు క్యామ్రీ, ఇండియా నుంచి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు అందరూ ఎక్కడానికి ఒడిస్సీ. కార్లు మూడు, గరాజ్ తలుపు తెరవడానికి కప్పుకి వేలాడే మోటారు మాత్రం ఒక్కటి. కారు అద్దం అంచునో, సన్ వైజర్ దగ్గరో మూడు బటన్లు ఉంటాయి. వాటి పేరు హోమ్‌లింక్. వాటికి మీ తలుపు తెరవడం నేర్పిస్తే ఇక వైజర్‌కి రిమోట్ తగిలించుకోనక్కర్లేదు. తెలిసినవాళ్ళకి కారుకి అయిదు నిమిషాల పని. మన పద్ధతిలో శనివారం భోజనాలయ్యాక మొదలుపెడితే సోమవారం పొద్దున్న అందరూ ఆఫీసులకి ఆలస్యంగా వెళ్ళే దాకా సాగుతుంది.

హోమ్‌లింక్ చేసేది మిషిగన్‌లోని జీలండ్‌లో ఉన్న జెంటెక్స్. రాత్రిపూట వెనక బండి లైటు కంట్లో కొట్టకుండా తనంతట తానే మసకబారే అద్దాలకి పేరున్న కంపెనీ అది. 2013లో జాన్సన్ కంట్రోల్స్ దగ్గర నుంచి హోమ్‌లింక్‌ని కొనుక్కుంది. ఇన్ని రకాల కార్లలో బటన్లు ఒకే కంపెనీవి కనక, పద్ధతి కూడా అన్నిట్లో ఒకటే అని తీర్మానించేయండి. ఒకదాంట్లో లైటు మెల్లగా కొట్టుకుంటూ ఉండి ఒక్కసారి గబగబా కొట్టుకోవాలి, ఇంకోదాంట్లో ఆరెంజ్ రంగు పోయి ఆకుపచ్చ రావాలి, టెస్లాలో అయితే బటనే లేదు, తెర మీద వేలితో చేయాలి. ఇవన్నీ మాన్యువల్ చదివేవాళ్ళ చాదస్తాలు.

పని మొదలుపెట్టే ముందు పాతవి చెరిపేయాలని ఎవరో చెప్పే ఉంటారు. అటు చివరి బటన్, ఇటు చివరి బటన్ కలిపి లైటు కొట్టుకునే దాకా నొక్కి పట్టుకుంటే మూడింటి జ్ఞాపకమూ పోతుంది. కారు కొత్తగా చేతికొచ్చినప్పుడు ఒక్కసారి చేయాల్సిన పని ఇది. మీరు మాత్రం మధ్యమధ్య తోచినప్పుడల్లా చేస్తూ ఉండండి. రెండో బటన్‌కి ఎప్పుడో నేర్పి పెట్టుకున్న కమ్యూనిటీ గేటు కూడా దాంతో పోతుంది. ఆ విషయం ఈరోజు తెలియదు. రాత్రి పదింటికి గేటు ముందు, వెనక నాలుగు కార్లు ఆగి ఉండగా తెలుస్తుంది.

ఇక చేతి రిమోట్‌ని కారు బటన్‌కి అంగుళం నుంచి మూడంగుళాల దూరంలో పట్టుకుని రెండూ కలిపి నొక్కాలి. దీనికి ఇంట్లో ఉన్న రిమోట్లలో బ్యాటరీ అన్నిటికంటే నీరసంగా ఉన్నదాన్ని ఎంచుకోండి. కారులో లైటు గబగబా కొట్టుకోగానే “అయిపోయింది!” అని గట్టిగా కేకేసి, కిందకి దిగి, చేతులు దులుపుకుని టీ పెట్టమనండి. తలుపు తెరుచుకుందా లేదా అని ఆ క్షణంలో చూడడం అనుమానం మనుషుల లక్షణం.

తెరుచుకోదు. ఒకప్పుడైతే తెరుచుకునేదే. పాత మోటార్లలోనూ రిమోట్లలోనూ పన్నెండు దాకా బుల్లి స్విచ్‌లు ఉండేవి. రెండుచోట్లా ఒకే వరసలో పెడితే చాలు, ఎన్ని కార్లైనా ఆ కోడ్‌నే పంపేవి. అలాంటి మోటారు ఇప్పటికీ వాడుతున్న ఇల్లు అమ్మకానికొస్తే అస్సలు వదలకండి. పన్నెండు స్విచ్‌లకి 4096 కోడ్‌లు, అంతే. 2015లో శామీ కామ్‌కర్ అనే ఆయన మ్యాటెల్ వాళ్ళ చిన్నపిల్లల మెసేజింగ్ బొమ్మని మార్చి, ఇలాంటి తలుపుల్ని పది సెకన్లలోపే తెరిచి చూపించాడు. మీ మూడు కార్లకే కాదు, ఊరందరికీ వసతిగా ఉంటుంది.

1990ల నడుమ నుంచి వచ్చినవి రోలింగ్ కోడ్ మోటార్లు. వీటికి పంపే కోడ్ నొక్కినప్పుడల్లా మారిపోతుంది. అందుకని కారు చేతి రిమోట్‌ని చూసి భాష నేర్చుకుంటే సరిపోదు, ఆ కారు ఫలానా అని మోటారు కూడా గుర్తుపట్టాలి. మోటారు మెమరీ రేషన్ కార్డు లాంటిది. ఇంట్లో ఎంతమంది ఉన్నా ఎవరి పేరు వారిది విడిగా ఎక్కాలి. క్యామ్రీ పేరు ఎక్కినంత మాత్రాన ఒడిస్సీకి బియ్యం పోయరు. ఇంత చిన్న సంగతిని ఇంట్లో ఎవరికీ చెప్పకండి. చెబితే మిగతా సలహాలకి పని ఉండదు.

పేరు ఎక్కించడానికి మోటారు మీద లెర్న్ బటన్ ఉంటుంది. చాంబర్లెన్, లిఫ్ట్‌మాస్టర్ మోటార్లయితే ఆ బటన్ రంగుని బట్టి అది ఏ తరానిదో చెప్పొచ్చు. పసుపు అయితే 2011 నుంచి వచ్చిన తరం. అంతకు ముందటి కారులోని హోమ్‌లింక్‌కి దాని భాష రాదు. మధ్యలో దుబాసీ పని చేసే ఒక చిన్న పెట్టె కొని గోడకి తగిలించాలి. మీరు కొనకండి. పాత కారులో కూర్చుని బటన్‌ని ఇంకాస్త గట్టిగా, ఇంకాస్తసేపు నొక్కండి. పట్టుదల చూసి పిల్లలు నేర్చుకుంటారు.

లెర్న్ బటన్ నొక్కాక ముప్పై సెకన్లలో కారులోకి వచ్చి అక్కడి బటన్ రెండు మూడుసార్లు నొక్కాలి. నిచ్చెన దిగి పరిగెత్తడం కష్టం కనక, మొన్ననే గుంటూరు నుంచి దిగిన మావయ్యగారిని నిచ్చెన ఎక్కించండి. ఆగస్టు మధ్యాహ్నం టెక్సస్ గరాజ్‌లో వేడి ఆయనకి కొత్తేమీ కాదు. మీరు కారులో అద్దాలెత్తుకుని ఏసీ వేసుకుని కూర్చోండి. ఆయన “నొక్కాను అల్లుడుగారూ” అన్నది మీకు వినపడేసరికి ముప్పై సెకన్లు దాటిపోతాయి.

“సరిగ్గా నొక్కలేదేమో మావయ్యగారూ, లైటు ఆరిపోయేదాకా అలాగే గట్టిగా పట్టుకోండి” అనండి.

మొత్తం పద్ధతికి ప్రాణం ఇక్కడుంది. ముట్టుకుని వదిలేస్తే లెర్న్ బటన్ కొత్త పేరు రాసుకుంటుంది. ఆరు సెకన్లు పట్టుకుంటే ఉన్న పేర్లన్నీ కొట్టేస్తుంది. కార్లు, చేతి రిమోట్లు, బయట గోడకున్న కీప్యాడ్ నంబరు, అన్నీ. ఆ తర్వాత మళ్ళీ ఒకసారి నొక్కి మీ క్యామ్రీని ఎక్కించుకుంటారు, అది చక్కగా తెరుస్తుంది. వెంటనే ఒడిస్సీని కూడా అలాగే, ఆరు సెకన్లతో మొదలుపెట్టి చేస్తారు. ఒడిస్సీ తెరుస్తుంది, క్యామ్రీ మూగబోతుంది. మళ్ళీ క్యామ్రీ. ఆఖరున చేసిన కారు ఎప్పుడూ పనిచేస్తుంది కాబట్టి మీ కారుని ఆఖరున చేసుకోండి. సోమవారం మధ్యాహ్నం స్కూల్ బస్సు దిగిన పిల్ల కీప్యాడ్ మీద పుట్టినరోజు అంకెలు ఎన్నిసార్లు నొక్కినా తలుపు ఉలకదు, పలకదు. ఆఫీసులో మీటింగులో ఉన్న మీకు ఫోన్ వస్తుంది. “మొన్నటిదాకా బానే ఉంది కదమ్మా” అనండి. అది నిజమే కదా.

అన్ని కార్లూ ఒకేసారి పనిచేయకపోతే మూడు కార్లూ ఒకేరోజు పాడయ్యాయనే నిర్ధారణకి రండి. ఇండియా వెళ్ళేముందు గోడ మీది ప్యానెల్‌లో తాళం బొమ్మ ఉన్న బటన్ నొక్కి, రిమోట్లు వేటికీ తలుపు లొంగకుండా చేసింది మీరే అయి ఉంటారు. ఆ ప్యానెల్ మీద లైటు పాపం కొట్టుకుంటూనే ఉంటుంది. దాని వంక చూడకండి. మోటారు పక్కన బల్బు మాడిపోతే మాత్రం దొరికినవాటిలో చవకైన ఎల్‌ఈడీ బల్బు పెట్టండి. అలాంటివి కొన్ని వెదజల్లే రేడియో రొదలో రిమోట్ పిలుపు మోటారుకి సరిగా వినపడదు. వీధి మలుపులో తెరుచుకునే తలుపు, బంపరు తగిలేంత దగ్గరికి వెళ్తే గానీ తెరుచుకోదు. ఇంటికి ఆమాత్రం గౌరవం ఇవ్వాలి.

టెస్లా సంగతి వేరు. 2019 నుంచి కొత్త మోడల్ 3లకి హోమ్‌లింక్ కారుతో పాటు రావడం మానేసింది. మోడల్ వైకీ అంతే, విడిగా కొనుక్కోవాలి. డబ్బు పోసి కొన్నాక దాన్ని పూర్తిగా వాడుకోవాలి కదా. ఇల్లు దగ్గరికొస్తుందని కారే కనిపెట్టి తలుపు తీసే సదుపాయం ఉంది. ఎంత దూరం నుంచి తీయాలో మనమే పెట్టుకోవచ్చు. దూరం బాగా ఎక్కువ పెట్టండి. ఆవిడ వెనక వీధిలో గీతగారింటికి పేరంటానికి వెళ్తున్నా సరే, మన గరాజ్ తెరుచుకుని ఊరందరికీ మన ఆవకాయ జాడీలు చూపిస్తుంది.

దీని అసలు అందం సంక్రాంతి సంబరాల నుంచి రెండు కార్లలో తిరిగొచ్చినప్పుడు చూడాలి. తలుపుకి తెరుచుకో అని ఒక పిలుపు, మూసుకో అని ఇంకో పిలుపు ఉండవు. ఉన్నది ఒకటే పిలుపు. కదలని తలుపుని కదిలిస్తుంది, పైకెళ్ళే తలుపుని ఆపుతుంది, మరోసారి నొక్కితే కిందకి దించుతుంది. ముందు టెస్లా వస్తుంది, తలుపు తనే లేవడం మొదలవుతుంది. వెనక ఒడిస్సీలో మీరు అలవాటుగా నొక్కుతారు. తలుపు నడుము ఎత్తున ఆగుతుంది. ఆవిడ నొక్కుతుంది, కిందకి దిగుతుంది. మీరు నొక్కుతారు. ఎవరూ దిగి ఇంకొకరితో మాట్లాడకూడదన్నది మాత్రం నియమం.

తలుపు కిందకి దిగుతూ దిగుతూ మళ్ళీ పైకి వెళ్ళిపోతోందంటే, గుమ్మానికి రెండువైపులా నేల నుంచి ఆరంగుళాల లోపు ఉండే సెన్సర్లకి మీ సోనామసూరి సంచీ అడ్డొచ్చిందని అర్థం. తలుపుల కింద పిల్లలు నలిగి చనిపోయిన తర్వాత, 1993 జనవరి 1 నుంచి తయారయ్యే మోటార్లకి ఇలాంటి రక్షణ ఉండి తీరాలని అమెరికా చట్టం పెట్టింది. సంచీ పక్కకి జరపడం బరువు పని. కొందరు తెలివైనవాళ్ళు రెండు సెన్సర్లనీ ఊడదీసి, ఎదురెదురుగా కట్టేసి కప్పుకి తగిలించేస్తారు. మీరూ అలాగే చేయండి. తలుపు ఇక బియ్యానికీ ఆగదు, బంపరుకీ ఆగదు, బంతి కోసం వంగిన పిల్లవాడికీ ఆగదు. 1982 ఏప్రిల్ 1కి ముందు తయారైన మోటార్లతో హోమ్‌లింక్ వాడొద్దని మాన్యువల్‌లో రాసింది కూడా అవి ఇలాగే ఆగవు కనకనే. మాన్యువల్ మనం తీయలేదు కాబట్టి అది మనకి వర్తించదు.

ఎప్పటికో ఒక కారు అమ్మేస్తారు. అప్పుడు దాని బటన్లు చెరిపేయాలి. మోటారులో కూడా అన్నీ కొట్టేసి, మిగిలిన కార్ల పేర్లు ఒక్కొక్కటే మళ్ళీ ఎక్కించాలి. ఇన్నాళ్ళూ అక్కర్లేనప్పుడల్లా ఆరు సెకన్లు నొక్కించిన మీరు, ఇప్పుడు మాత్రం దేన్నీ ముట్టుకోకండి. కారు కడిగించి, డ్యాష్‌బోర్డు మీది వెంకటేశ్వరస్వామిని జాగ్రత్తగా ఊడదీసి తెచ్చుకుని, తాళాలు ఇచ్చేయండి. కొనుక్కున్నాయనకి మీ ఇంటి దారి అడిగే శ్రమ కూడా ఉండదు. నావిగేషన్‌లో ‘హోమ్’ అని మీరే పెట్టి ఉంచారు.