చెడగొట్టేందుకు ఒక్కో పెట్టె

నేను విద్యుత్ శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాను. సర్వీసంతా చెడిపోయినవాటిని బాగుచేయించడంతోనే సరిపోయింది. ఇక విశ్రాంతిగా ఇంట్లో కూర్చుందామంటే, బాగున్నవాటిని డబ్బిచ్చి చెడగొట్టించుకునే కొంపగా తయారైంది మాది. ఈ విషయమై ఎవరికి అర్జీ పెట్టుకోవాలో తెలియక పాఠకులకే పెట్టుకుంటున్నాను.

ప్రతివాది మా అబ్బాయి. పగలు సాఫ్ట్‌వేరు, రాత్రి ఎలక్ట్రిక్ గిటారు. గిటారు మీద నాకే ఫిర్యాదూ లేదు. మీటితే మోగుతుంది, మానేస్తే ఊరుకుంటుంది. నా గొడవంతా గిటారుకీ ఆంప్లిఫయరుకీ మధ్య నేలమీద వాడు పరిచిన పెట్టెలతో. పెడల్స్ అంటారు వాటిని. గుప్పెడంత లోహపు డబ్బా, పైన రెండో మూడో నాబ్‌లు, కాలితో తొక్కడానికి ఓ స్విచ్చి, వెలిగిందో లేదో చెప్పడానికి ఓ ఎర్ర లైటు. తొక్కితే గిటారు గొంతు మారుతుంది, మళ్లీ తొక్కితే మామూలవుతుంది. ఇలాంటివన్నీ ఓ అల్యూమినియం చట్రానికి వెల్క్రోతో అంటించి ఉంటాయి. చీకట్లో మంచినీళ్లకని లేచినప్పుడు నా కాలి చిటికెన వేలికి ఆ చట్రం అంచు ఎంత పదునో తెలిసింది.

ఉద్యోగ బుద్ధి ఎక్కడికి పోతుంది? వాడు లేనప్పుడు ఒక్కోటీ విప్పి చూశాను. నాకు తేలిందేమిటంటే, ఇవన్నీ రోగాలు. ఏదో ఒక యంత్రానికి ఎప్పుడో వచ్చిన జబ్బును పట్టి, డబ్బాలో బిగించి, రంగు వేసి అమ్ముతున్నారు. గుహలో గొంతు తిరిగి వినపడే ఇబ్బందికి డిలే అని పేరు. ఒకే స్వరాన్ని ఇద్దరు కాస్త అటూఇటూగా, శ్రుతికి ఓ వెంట్రుకవాసి తేడాతో పలికితే అది కోరస్. ఆంప్లిఫయరు మోయలేని బరువెత్తి చతికిలబడితే దాన్ని ఓవర్‌డ్రైవ్ అని గౌరవిస్తారు.

వీటన్నిటికీ పెద్దన్న ఫజ్. దాని పుట్టుక వింటే మా శాఖవాళ్లెవరికైనా కళ్లు తిరుగుతాయి. అమెరికాలోని నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ అనే గాయకుడి ‘డోంట్ వర్రీ’ పాట రికార్డు చేస్తుండగా మిక్సింగ్ కన్సోల్‌లో ఒక ట్రాన్స్‌ఫార్మర్ పాడైంది. బాస్ గిటారు వాయిస్తున్న గ్రేడీ మార్టిన్ స్వరం బొంగురుపోయి గరగరలాడింది. మళ్లీ రికార్డు చేసుకోవాలి కదా? చేయలేదు. అలాగే విడుదల చేశారు, 1961లో అది హిట్టయింది. ఆ శబ్దం మాకూ కావాలని మిగతావాళ్లు ఎగబడ్డారు. అప్పటికి ఆ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తిగా చచ్చింది. గ్లెన్ స్నాడీ అనే ఇంజినీరు, పోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను తలుచుకుంటూ, అదే గరగర వచ్చే సర్క్యూటు కట్టి గిబ్సన్ కంపెనీకి ఇచ్చాడు. 1962లో మాయెస్ట్రో ఫజ్-టోన్ అని వాళ్లు బజారులో పెట్టారు. దానికి పేటెంటు కూడా వచ్చింది. మా శాఖలో ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ముందు వచ్చేది మెమో.

మొదట్లో జనం దాన్ని పెద్దగా కొనలేదట. అక్కడితో ఆగి ఉంటే మా ఇల్లు ప్రశాంతంగా ఉండేది. 1965లో రోలింగ్ స్టోన్స్ వాళ్లు ‘శాటిస్‌ఫాక్షన్’ పాటలో దాన్ని వాడారు. నిజానికి వాళ్ల గిటారిస్టు కీత్ రిచర్డ్స్ అక్కడ బాకాలు పెట్టాలనుకుని, తాత్కాలికంగా ఫజ్‌తో కానిచ్చాడు. ఆ తాత్కాలికమే ఖాయమైంది. మన దగ్గర తాత్కాలిక సర్వీసు వైరు ఏళ్ల తరబడి స్తంభానికి వేలాడినట్టే. షాపుల్లో ఫజ్ పెట్టెలన్నీ అమ్ముడైపోయాయి. అంతకుముందు ఏడాదే లండన్‌లో కింక్స్ బృందంలోని డేవ్ డేవిస్ అనే కుర్రాడు బ్లేడు తీసుకుని తన ఆంప్లిఫయరు స్పీకరును కోశాడు, గొంతు చీలినట్టు మోగాలని. ఆ పిల్లాడి తండ్రి ఎలా భరించాడో అని నేను తరచూ ఆలోచిస్తుంటాను.

ఈ కథంతా చెప్పి మా వాణ్ణి నిలదీశాను. వాడేమన్నాడో తెలుసా?

“తంబురా గుర్రం మీద తీగ కింద నూలుపోగు పెడతారుగా నాన్నా, ఆ జీవ కోసం. అదీ ఫజ్జే కదా?”

నూలుపోగుకి అడాప్టరు అక్కర్లేదురా అన్నాను. సమాధానం చెప్పాననే అనుకుంటున్నాను.

అడాప్టరు మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. ఇంట్లో మామూలుగా దొరికే అడాప్టర్ల పిన్నుకు లోపల ప్లస్, బయట మైనస్ ఉంటాయి. ఈ పెడల్స్‌లో చాలావాటికి లోపల మైనస్. తొమ్మిది వోల్టులు, తలకిందుల పోలారిటీ. ఏ వస్తువైనా ఊరంతటికీ ఎదురు తిరిగి తయారు కావాలంటే దానికి గిటారుతో సంబంధం ఉండి తీరాలి.

ఇక వేసవి. మా వాడి దగ్గర గుండ్రటి ఫజ్ పెడల్ ఒకటుంది. దీని మూలరూపం 1966లో లండన్ నుంచి వచ్చిన ఫజ్ ఫేస్, మైకు స్టాండు అడుగున ఉండే గుండ్రటి దిమ్మ చూసి ఆ ఆకారం తట్టిందట. గిటారిస్టు జిమి హెండ్రిక్స్ తొక్కింది దాన్నే. లోపల రెండు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు. జెర్మేనియం వేడికి తట్టుకోదు, లోపల లీకేజీ కరెంటు పెరిగిపోతుంది. లండన్ చలికి పుట్టిన సర్క్యూటు హైదరాబాదు మే నెలలో ఎలా ఉంటుంది? మూలిగింది, తుమ్మింది, చివరికి మూగబోయింది. మర్నాడు పొద్దున మా ఆవిడ ఫ్రిజ్ తెరిచి, “ఏవండీ, పెరుగు గిన్నె పక్కన ఈ గుండ్రటిదేమిటి?” అంది. చూద్దును కదా, కవరులో చుట్టి, తోడుకున్న పెరుగుకీ కొత్తిమీర కట్టకీ మధ్య హెండ్రిక్స్ గారి పెడల్ చల్లబడుతోంది. తీసి బయట పెట్టబోతే మా వాడు పరుగెత్తుకొచ్చాడు.

“ఇంకో అరగంట ఉండనీ నాన్నా, టోన్ సెట్ అవుతుంది.”

ఆ రోజు ఇంట్లో పెరుగు పుల్లబడకుండా సెట్ అయింది. టోన్ సంగతి నాకు తెలియదు.

వేడి ఒక ఎత్తు, హమ్ ఇంకో ఎత్తు. ట్రాన్స్‌ఫార్మర్ హమ్ అంటే 100 హెర్ట్జ్, సబ్‌స్టేషన్‌లో కూర్చుని కళ్లు మూసుకుని చెప్పగలను. మా వాడి గిటారులోంచి వచ్చేది లైను హమ్ 50 హెర్ట్జ్, దాని పిల్లాజెల్లాతో సహా. వాడి గిటారులో తీగల కంపనాన్ని పట్టే పికప్‌కు ఒకే కాయిల్ ఉంటుంది. ఇంట్లో ఉన్న ప్రతి వైరూ దానికి చుట్టమే. ఈ జబ్బుకు మందు ఎప్పుడో కనిపెట్టారు. గిబ్సన్‌లో సేత్ లవర్ అనే ఇంజినీరు రెండు కాయిళ్లను ఎదురెదురుగా కలిపి, హమ్‌ను హమ్‌తోనే కొట్టేసి, 1955లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. ఆ లోకం మొత్తంలో నేను చేతులెత్తి దండం పెట్టగల మనిషి ఆయనొక్కడే. మరి అది కొనరా అంటే, “సింగిల్ కాయిల్ టోన్ వేరు నాన్నా” అంటాడు. హమ్ కావాలి, అది వినపడకుండా చేసే నాయిస్ గేట్ పెడలూ కావాలి. రెండింటికీ డబ్బులు.

మా హాల్లో ఫ్యాను రెగ్యులేటరు ఎలక్ట్రానిక్‌ది. లోపల ట్రయాక్ సెకనుకు 100 సార్లు కరెంటును తెగ్గొట్టి వేగం తగ్గిస్తుంది. ఫుల్ స్పీడులో పెడితే గొడవ లేదు. రెండులో పెడితే ఆ తెగ్గొట్టుడంతా పికప్‌లోకి దూరి, ఫజ్‌లో లావై, స్పీకర్లోంచి బుస్సుమంటుంది. కాబట్టి వాడు వాయించేటప్పుడు ఫ్యాను బంద్. సంగీతం కోసం చెమటోడ్చేది వాయించేవాడని లోకం అనుకుంటుంది. మా ఇంట్లో శ్రోతలు.

ఆఖరికి నేనే టెస్టరు పట్టుకుని కూర్చున్నాను. వాడి గదిలో సాకెట్టుకు మూడో రంధ్రం ఉంది, దాని వెనక వైరు లేదు. ఫ్లాటు కట్టినాయన ఎర్తింగ్‌ను అలంకారంగా భావించాడు. బోర్డు నుంచి ఎర్తు వైరు లాగించి, రెగ్యులేటరు మార్పించాను. హమ్ చాలావరకు చచ్చింది. మా వాడు పొంగిపోయాడు. ఆ పొంగులో ఇంకో పెడల్ కొన్నాడు. అదేం చేస్తుందంటే, గిటారు స్వరానికి పాత క్యాసెట్టు హిస్సునూ, సాగిపోయిన టేపు ఊగిసలాటనూ తగిలిస్తుంది. ఆ రెండు లక్షణాలూ పుష్కలంగా ఉన్న మా టేప్‌రికార్డరును రిపేరుకు లొంగదని పాత సామాన్లవాడికి ఉట్టినే ఇచ్చేశాను. ఉంచుకుని ఉంటే లాభసాటి బేరం.

వీళ్ల లోకంలో ఏది గొప్ప పెడల్, ఏది దరిద్రం అన్న తగువు ఎప్పటికీ తెగదు. బాస్ కంపెనీ 1991లో తెచ్చిన మెటల్ జోన్ అనే నల్ల పెట్టెను తిట్టని గిటారిస్టు లేడు, కొనని గిటారిస్టూ తక్కువే. మా వాడు కొన్నాడు, తిట్టాడు, అమ్మాడు, మళ్లీ కొన్నాడు. అటు పక్క క్లాన్ సెంటార్ ఉంది. బిల్ ఫినెగన్ అనే ఆయన 1994 నుంచి చేసినవి ఎనిమిది వేలకు అటూఇటూ. సర్క్యూటు ఎవరూ చూడకూడదని దాని మీద నల్ల రెసిన్ పోసేశాడు. ఇప్పుడు సెకండ్ హ్యాండులో ఒక్కోటి లక్షలు పలుకుతుంది. రెసిన్ గీకి చూసినవాళ్లకు మామూలు భాగాలే కనిపించాయి, వాటిని చూసి నకళ్లు బోలెడు వచ్చాయి. మా వాడి దగ్గరున్నది అలాంటి నకలు. దాన్ని ఆన్ చేసి, ఆఫ్ చేసి, “తేడా తెలుస్తోందా?” అని అడుగుతాడు. నాకు తెలియలేదు. వాడికీ తెలియలేదని వాడి మొహం చెప్పింది.

గృహస్థుగా నా లెక్కలు వేరు. నాకు నచ్చిన పెడల్ ట్యూనరు. 1998లో బాస్ వాళ్లు టీయూ-2 అని తెల్ల పెట్టె తెచ్చినప్పటి నుంచి స్టేజీల మీద ఇదే ఆనవాయితీ: తొక్కగానే లైట్లు వెలిగి తీగ శ్రుతిలో ఉందో లేదో చూపిస్తాయి, అంతవరకూ గిటారు శబ్దం పూర్తిగా కట్. మానవాళికి గిటారు పరిశ్రమ చేసిన ఏకైక మేలు ఇదే. పదిన్నర దాటాక మా వాడు ట్యూనరు తొక్కిన క్షణాన పై ఫ్లాటులో కుక్క నిట్టూర్చడం కూడా వినపడుతుంది. దాని తర్వాత వాల్యూమ్ పెడల్. గిటారు చేత ‘వా’ అనిపించే వా పెడల్ మీద కూడా నాకు కాస్త అభిమానం ఉంది. 1966లో బ్రాడ్ ప్లంకెట్ అనే ఇంజినీరు ఆంప్లిఫయరులోని ఒక స్విచ్చి బదులు నాబ్ పెట్టి, దాన్ని ఆర్గాన్ కాలిపెడల్‌లో బిగించాడు. కాలు ఆడితేనే పాట, కాలు నొప్పెడితే విశ్రాంతి. న్యాయంగా ఉంది.

పరమ అసహ్యం లూపరు. మిగతా పెడల్స్ పాపం మనిషి వాయించినంతసేపే అల్లరి చేస్తాయి. ఇది ఒకసారి వాయించిందాన్ని పట్టుకుని, ఆపేవరకు మళ్లీ మళ్లీ అదే వాయిస్తుంది. మనిషి అక్కడ ఉండనక్కర్లేదు. గాయకుడు ఎడ్ షీరన్ దాంతోనే స్టేడియాలు నింపుతాడట, నింపనీండి, ఆయన టికెట్టు అమ్ముతాడు. మా వాడు నాలుగు స్వరాలు మీటి, లూపు పెట్టి, భోజనానికొచ్చి కూర్చుంటాడు. పప్పు, కూర, చారు, పెరుగు దాకా గదిలోంచి ఆ నాలుగు స్వరాలే. ఆపరా అంటే, చేతులు ఎంగిలి నాన్నా అంటాడు. తొక్కేది కాలితో కదరా అంటే, కంచం ముందు నుంచి లేవకూడదని నువ్వే చెప్పావుగా అంటాడు.

కనుక నా ప్రార్థనలు ఇవి. రాత్రి పదిన్నర తర్వాత ట్యూనరు తప్ప ఏదీ వెలగరాదు. ఫ్రిజ్‌లో తినే పదార్థాలకే ప్రవేశం. చట్రాన్ని నడిచే దారిలో ఉంచరాదు. లూపరును తక్షణం ఇల్లు దాటించాలి.

ఇదంతా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆఖరి అంశం దగ్గర ఆపమంది. లూపరుకు మైకు కూడా తగిలించుకోవచ్చని మా వాడు ఆమెకు చూపించాడట. గుడిలో భజన బృందం ప్రాక్టీసుకు పల్లవి ఒకసారి పాడి లూపు పెట్టుకుంటే, చరణాలు తీరిగ్గా అందుకోవచ్చట. నిన్న మధ్యాహ్నం నేను కునుకు తీస్తుండగా అర్ధగంట వినపడింది అదేనట, పొరుగింటి టీవీ కాదట.

కావున, పై అర్జీలోని లూపరు అంశాన్ని ఇందుమూలంగా ఉపసంహరించుకుంటున్నాను. మిగతావి యథాతథం.